బడి ఖర్చు ఎవరిది?

ప్రశ్న: మాది బాపట్ల దగ్గర ఒక పల్లె. ఉద్యోగం కోసం వచ్చి చాలా ఏళ్ళుగా టెక్సాస్‌లో, డాలస్ పక్కన ఉంటున్నాం. మా అమ్మాయి హైస్కూల్లో లాటిన్ తీసుకుంది. ప్రాచీన రోమన్ సమాజంలో చదువు సమస్యలనూ ఈనాటి స్కూళ్ళ నిధుల సమస్యనూ పోల్చి రాయమని వాళ్ళ టీచరు ప్రాజెక్టు ఇచ్చారు. "రోమ్‌లో ప్రభుత్వ బడులు లేవు, మనకు ఉన్నాయి" అని ఒక పేజీ రాసి ఆపేసింది. మొన్న భోజనాల దగ్గర ఉన్నట్టుండి, "నాన్నా, మనం ఈ ఇల్లు కొన్నది స్కూలు చూసుకునే కదా, అంటే మనమూ ఫీజు కట్టినట్టేగా?" అంది. నాకు మాట తోచలేదు. ఇంటి సంగతులు ప్రాజెక్టులో రాయొద్దని మా ఆవిడ అంటోంది. అసలు ఈ పోలిక నిలుస్తుందా? ఏం చదవమని చెప్పాలి? ఇంటి సంగతి రాయనివ్వమంటారా?
— ఒక తండ్రి, టెక్సాస్

సమాధానం:

మీ అమ్మాయి రాసిన పేజీ కంటే అడిగిన ప్రశ్న ఎన్నో రెట్లు మంచిది. ప్రాజెక్టు అక్కణ్ణుంచే మొదలుపెట్టమనండి. పోలిక తప్పకుండా నిలుస్తుంది. అయితే బడులు ఉన్నాయా లేవా అని చూస్తే ఒక పేజీతోనే అయిపోతుంది. డబ్బు ఎవరు పెట్టారు, ఏ పంతులుకు పెట్టారు, ఏ ఊరి పిల్లలకు అందింది అని అడగడం మొదలుపెడితే రోమ్ నుంచి మీ వీధి దాకా దారి కనిపిస్తుంది.

ముందు రోమ్ సంగతి. ప్రభుత్వ బడులు లేవన్నది నిజమే. కానీ ప్రభుత్వం చదువు మీద పైసా పెట్టలేదనుకుంటే పొరపాటు. పెట్టింది, పై మెట్టు మీద పెట్టింది. అక్కడ చదువుకు మూడు మెట్లుండేవి. అక్షరాలు, లెక్కలు నేర్పే చిన్న పంతులు మొదటి మెట్టు. కావ్యాలు, వ్యాకరణం చెప్పే గ్రమాటికస్ రెండోది. కోర్టుల్లో, సభల్లో మాట్లాడటం నేర్పే రెటర్ మూడోది. వెస్పాసియన్ చక్రవర్తి మొదటిసారిగా ఖజానా నుంచి ఏటా 1,00,000 సెస్టర్షియస్‌ల (రోమన్ నాణేలు) జీతం ఇచ్చింది ఈ మూడో మెట్టు వాళ్ళకు. పేరుమోసిన రెటర్ క్వింటిలియన్ ఆ జీతం అందుకున్నవాడే. ఆ రోజుల్లో మామూలు సైనికుడి ఏడాది జీతం 900. అంటే ఒక్క రెటర్ జీతంతో నూట పదిమందికి పైగా సైనికులను ఏడాదంతా పోషించవచ్చు.

పన్నుల మినహాయింపులూ ఇదే తీరు. రెండో శతాబ్దంలో ఆంటొనైనస్ పయస్ చక్రవర్తి ఏ ఊళ్ళో ఎంతమందికి పౌర బాధ్యతల నుంచి మినహాయింపు ఇవ్వవచ్చో లెక్క కట్టి ఉత్తర్వు పంపాడు. చిన్న ఊరైతే ముగ్గురు రెటర్లు, ముగ్గురు గ్రమాటికస్‌లు. పెద్ద నగరమైతే అయిదుగురు చొప్పున. పిల్లలకు ఓనమాలు దిద్దించే పంతుళ్ళకు ఆ మినహాయింపు లేదని రోమన్ న్యాయశాస్త్ర గ్రంథాల్లో స్పష్టంగా రాసి ఉంది. దీనికి నాకు తెలిసిన ముచ్చటైన మినహాయింపు ఒకటుంది. ఇప్పటి పోర్చుగల్‌లో విపాస్కా అనే గనుల ఊరి నిబంధనలు కంచు పలక మీద దొరికాయి. అందులో బడిపంతుళ్ళ మీద గనుల అధికారి ఏ భారమూ వేయకూడదని ఒక్క వాక్యం ఉంది. ఎక్కడో మారుమూల గనుల పల్లెలో చిన్న పంతులును గుర్తుపెట్టుకున్నారు.

మీ అమ్మాయికి లెక్కలంటే ఇష్టమైతే డయోక్లెషియన్ చక్రవర్తి ధరల శాసనం చూపించండి. 301లో వేసిన ఆ శాసనంలో సరుకులకూ కూలికీ గరిష్ఠ ధరలు కట్టారు. చిన్న పంతులుకు నెలకు ఒక్కో పిల్లాడి మీద 50 డెనారియస్‌లు (ఇదీ రోమన్ నాణెమే), లెక్కలు చెప్పేవాడికి 75, గ్రమాటికస్‌కు 200, రెటర్‌కు 250. పక్కనే వడ్రంగి కూలి ఉంది: రోజుకు 50, పైగా భోజనం. చిన్న పంతులు ముప్ఫైమందిని కూర్చోబెట్టుకుని నెలంతా గొంతు చించుకుంటే, వడ్రంగి ముప్ఫై రోజుల్లో సంపాదించినంత వస్తుంది, భోజనం లేకుండా. అదే ముప్ఫైమందికి పాఠం చెప్పిన రెటర్‌కు అయిదు రెట్లు. ఎవరి దగ్గర చదువు మొదలవుతుందో వాళ్ళకే అన్నిటికన్నా తక్కువ.

ఈ లెక్కలో ఇంకో మాట ఉంది: "ఒక్కో పిల్లాడి మీద". తలకింత అని కట్టే జీతం ఎలా ఉంటుందో, తర్వాతి కాలంలో క్రైస్తవ మతాచార్యుడిగా పేరుపొందిన అగస్టీన్ తన ఆత్మకథలో రాశాడు. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో అల్లరి విద్యార్థులతో వేగలేక 383లో రోమ్‌కు వచ్చి పాఠాలు మొదలుపెట్టాడు. ఇక్కడి కుర్రాళ్ళు అల్లరి చేయరు గానీ, ఫీజు కట్టాల్సిన సమయానికి మూకుమ్మడిగా ఇంకో గురువు దగ్గరికి మారిపోతారని తెలిసింది. ఏడాది తిరిగేసరికి నగరం జీతమిచ్చే మిలాన్ ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు టెక్సాస్ సంగతి చూడండి. రాష్ట్రం స్కూళ్ళకిచ్చే డబ్బు పేరు నమోదైన పిల్లల సంఖ్యను బట్టి రాదు, రోజువారీ హాజరు సగటును బట్టి వస్తుంది. జ్వరమొచ్చో, ఇంట్లో తమ్ముణ్ణి చూసుకోవాల్సి వచ్చో, బస్సు తప్పిపోయో పిల్లలు ఎక్కువగా మానేసే బడికి ఆ మేరకు నిధులు తగ్గుతాయి. టీచరు జీతమూ కరెంటు బిల్లూ మాత్రం తగ్గవు. తలకింత అన్న పద్ధతి పదహారు వందల ఏళ్ళ తర్వాత కూడా పేదపిల్లలున్న గది మీదే ఎక్కువ బరువు వేస్తోంది. మీ అమ్మాయి ప్రాజెక్టులో ఈ ఒక్క పోలికకే ఒక పేజీ కేటాయించవచ్చు.

జీతం ఇస్తామని ఊరు మాటిచ్చిన చోట ఏమయ్యేదో కూడా చూడాలి. మూడో శతాబ్దం మధ్యలో ఈజిప్టులోని ఆక్సిరింకస్ నగరంలో లొల్లియానస్ అనే గ్రమాటికస్ ఉండేవాడు. నగరం నియమించిన పంతులు. ఆయన చక్రవర్తులకు రాసుకున్న అర్జీ పపైరస్ మీద మనకు దొరికింది. నగరం తన జీతం సరిగ్గా ఇవ్వడం లేదనీ, ఇచ్చినప్పుడు పులిసిపోయిన ద్రాక్షసారా, పురుగుపట్టిన ధాన్యం ఇస్తున్నారనీ, దానికి బదులు ఊళ్ళో ఉన్న ఒక తోట ఇప్పిస్తే దాని రాబడితో బతుకుతూ పిల్లల మీద మనసు పెడతాననీ ఆయన మొర. ఆ అర్జీ ఫలించిందో లేదో చెప్పే కాగితం లేదు. మరో నూరేళ్ళకు, మన బైబిల్లో అంతియొకయ అని చదివే నగరంలో, లిబానియస్ అనే పేరుమోసిన గురువు తన కింద పనిచేసే ఉపాధ్యాయుల కోసం నగర సభ ముందు మాట్లాడాడు. వాళ్ళకు సొంత ఇళ్ళు లేవు, అద్దె గదుల్లో ఉంటున్నారు, రొట్టెలవాడి అప్పు తీర్చడానికి భార్యల నగలు ఇస్తున్నారు అని ఒక్కొక్కటే ఎత్తి చెప్పాడు. తనకు కావలసినంత పేరూ డబ్బూ ఉన్న మనిషి కిందివాళ్ళ కోసం అలా నిలబడటం నాకు చాలా నచ్చుతుంది.

ఇక ప్లినీ. ఈ ప్రాజెక్టుకు ప్రాణం ఆయన ఉత్తరంలోనే ఉంది.

చిన్న ప్లినీ పెద్ద ఆస్తిపరుడు, రోమ్‌లో వకీలు, సెనేటరు. సొంత ఊరు ఉత్తర ఇటలీలో కోముమ్, ఇప్పటి కోమో. రెండో శతాబ్దం మొదట్లో ఒకసారి ఊరికి వెళితే, ఊరివాడొకాయన కొడుకును వెంటబెట్టుకుని పలకరించడానికి వచ్చాడు. "చదువుకుంటున్నావా?" అని ప్లినీ కుర్రాణ్ణి అడిగాడు. అవునన్నాడు. "ఎక్కడ?" మెడియోలానుమ్‌లో, అంటే ఇప్పటి మిలాన్‌లో. "ఇక్కడెందుకు చదవడం లేదు?" ఈసారి తండ్రే అందుకుని, ఇక్కడ పంతుళ్ళు లేరండీ అన్నాడు. అక్కడ ఇంకొందరు తండ్రులూ ఉన్నారు. ప్లినీ వాళ్ళతో అన్నాడు: మీ పిల్లలు మీ కళ్ళముందు చదువుకోవడం కంటే మేలేముంది? పరాయి ఊళ్ళో బసకూ ప్రయాణాలకూ మీరు పెడుతున్న ఖర్చంతా కూడేస్తే ఇక్కడే పంతుళ్ళను పెట్టుకోవచ్చు. మీరు ఎంత పోగుచేయాలనుకుంటే అందులో మూడో వంతు నేనిస్తాను. అప్పటికి ఆయనకు పిల్లల్లేరు. ఊరి కోసం ఇస్తానన్నాడు.

మొత్తం ఎందుకు ఇవ్వలేదు? ఇవ్వగలడు. ఊరికి గ్రంథాలయం కట్టించినవాడు, ఊరి పిల్లల పోషణకు 5,00,000 సెస్టర్షియస్‌లు ఇచ్చినవాడు. కారణం ఆయనే రాశాడు. ఊరి సొమ్ముతో పంతుళ్ళను పెట్టిన చోటల్లా సిఫార్సులు, పైరవీలు నడవడం చూశాననీ, తల్లిదండ్రుల డబ్బు కూడా అందులో ఉంటే ఎవర్ని పెట్టుకోవాలో వాళ్ళే జాగ్రత్తగా చూసుకుంటారనీ. పరాయి సొమ్ము దగ్గర ఏమరుపాటుగా ఉన్నవాళ్ళు కూడా సొంత సొమ్ము దగ్గర అలా ఉండరని ఆయన నమ్మకం. మంచి పంతుళ్ళుంటే చూసిపెట్టమని ఈ ఉత్తరం చరిత్రకారుడు టాసిటస్‌కు రాశాడు.

ఈ వాదాన్ని మీ అమ్మాయి గౌరవంగా చదవాలి, ఆ తర్వాత నిలదీయాలి. నా మట్టుకు నాకు అందులో సగమే నచ్చుతుంది. తల్లిదండ్రులకు బడి మీద పట్టు ఉండాలన్నది సరే. కానీ ఆ మూడింట రెండు వంతులు వేయలేని తండ్రి పిల్లలు ఎక్కడికి పోవాలి? ప్లినీ దగ్గరికి వచ్చిన కుర్రాడు మిలాన్‌లో బస పెట్టి చదివించగల ఇంటివాడు. వలలు బాగుచేసుకుని బతికే వాడి కొడుకు ఆ గదిలో లేడు. డబ్బు వేసినవాడికే మాట చెల్లుబాటు అన్నప్పుడు, వేయలేనివాడి పిల్లలు లెక్కలోంచి తప్పిపోతారు.

అక్కణ్ణుంచి సరిగ్గా శాన్ ఆంటోనియోకు వెళ్ళవచ్చు. మీ రాష్ట్రమే, మీ ఇంటి నుంచి కారులో వెళ్ళగలిగిన దూరమే. 1968లో అక్కడ ఎడ్జ్‌వుడ్ అనే స్కూల్ డిస్ట్రిక్టులో, అంటే తన ఇళ్ళ మీద పన్ను వేసుకుని తన బడులు నడుపుకునే ప్రాంతంలో, హైస్కూలు పిల్లలు తమ బడి దుస్థితి మీద క్లాసులు వదిలి బయటికొచ్చారు. ఎక్కువమంది మెక్సికన్ అమెరికన్ కుటుంబాల పిల్లలు. వాళ్ళ తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. కేసుకు పేరైన డెమెట్రియో రోడ్రిగ్స్ విమానాల స్థావరంలో రేకుల పని చేసే మనిషి. కోర్టు కాగితాల్లో 1967-68 లెక్కలు ఇలా ఉన్నాయి. ఎడ్జ్‌వుడ్‌లో ఒక్కో విద్యార్థికి పన్ను పడే ఆస్తి విలువ 5,960 డాలర్లు. అదే నగరంలో ఉన్నవాళ్ళ పేట ఆలమో హైట్స్‌లో 49,000 పైన. ఎడ్జ్‌వుడ్ ప్రజలు నూరు డాలర్ల ఆస్తికి 1.05 డాలర్లు పన్ను వేసుకున్నారు, ఆ ప్రాంతంలో అన్నిటికన్నా ఎక్కువ రేటు. వచ్చింది పిల్లకు 26 డాలర్లు. ఆలమో హైట్స్ 0.85 మాత్రమే వేసుకుంది. వచ్చింది 333. రాష్ట్రం, కేంద్రం ఇచ్చినవి కలిపాక కూడా ఒకచోట పిల్లకు 356, ఇంకోచోట 594.

ఈ నాలుగు వాక్యాలు నెమ్మదిగా చదివి, ఎడ్జ్‌వుడ్‌వాళ్ళు చదువు మీద శ్రద్ధ లేక వెనకబడ్డారని అనగలమేమో అమ్మాయినే అడగండి. వాళ్ళు ఎక్కువ రేటు కట్టారు. ఇళ్ళ విలువే లేదు. ప్లినీ లెక్కలో చెప్పాలంటే తమ రెండు వంతులు వాళ్ళు వేశారు, అయినా పంతులు రాలేదు.

1973లో అమెరికా సుప్రీం కోర్టు 5-4 తేడాతో ఆ తల్లిదండ్రులకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. చదువు దేశ రాజ్యాంగం నేరుగా హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదంది. అయితే కథ అక్కడితో అయిపోలేదు. అదే ఎడ్జ్‌వుడ్ మళ్ళీ రాష్ట్ర రాజ్యాంగం పట్టుకుని వెళ్ళింది. 1989లో టెక్సాస్ సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా వాళ్ళ పక్షాన నిలిచి, ఆ నిధుల పద్ధతి చెల్లదంది. ఎన్నో తంటాల తర్వాత 1993లో, ఆస్తి ఎక్కువున్న డిస్ట్రిక్టుల నుంచి కొంత పన్ను తీసుకుని తక్కువున్న వాటికి సర్దే చట్టం వచ్చింది. ఉన్నవాళ్ళను కొట్టి లేనివాళ్ళకు పెట్టిన కథల దొంగ పేరుతో అక్కడి జనం రాబిన్ హుడ్ అనేది దాన్నే. మీ చుట్టుపక్కల తెలుగువాళ్ళు "మన పన్ను ఎక్కడికో పోతోంది" అని విసుక్కోవడం మీరు వినే ఉంటారు. ఎక్కడికి పోతోందో, ఎందుకు పోతోందో మీ అమ్మాయి ఈ ప్రాజెక్టుతో చెప్పగలుగుతుంది.

రోమ్‌కూ టెక్సాస్‌కూ అసలు తేడా కూడా ఇక్కడే ఉంది. 1876 నాటి టెక్సాస్ రాజ్యాంగం ఏడో అధికరణం మొదటి సెక్షన్ చదవమనండి. ప్రజల స్వేచ్ఛలూ హక్కులూ నిలవాలంటే అందరికీ జ్ఞానం అందాలి కాబట్టి, సమర్థమైన ఉచిత ప్రభుత్వ బడుల వ్యవస్థను ఏర్పరచి పోషించడం శాసనసభ విధి అని అందులో ఉంది. రోమ్‌లో ఇలాంటి మాట ఎవరూ ఎవరికీ ఇవ్వలేదు. లొల్లియానస్ దయ చూపమని అర్జీ పెట్టుకున్నాడు. రోడ్రిగ్స్ మాట తప్పారని కేసు వేశాడు. అర్జీకీ కేసుకూ మధ్య ఉన్న ఈ దూరం చిన్నది కాదు. "మనకు బడులున్నాయి" అన్న అమ్మాయి వాక్యం స్థానంలో ఇది రావాలి.

ఇంకో చిన్న విషయం, ఆడపిల్ల కాబట్టి ఆమెకు తప్పక పట్టింపు ఉంటుంది. ట్రాజన్ చక్రవర్తి కాలంలో ఇటలీ ఊళ్ళలో పిల్లల పోషణకు ఒక ఏర్పాటు ఉండేది. భూస్వాములకు ఖజానా అప్పిచ్చి, ఆ వడ్డీని ఊరి పిల్లలకు పంచేవారు. వెలేయా అనే ఊళ్ళో దొరికిన పెద్ద కంచు పలక మీద లెక్క ఉంది: 245 మంది మగపిల్లలకు నెలకు 16 సెస్టర్షియస్‌ల చొప్పున, 34 మంది ఆడపిల్లలకు 12 చొప్పున. ఇది తిండి డబ్బు, ఫీజు కాదు. అయినా పిల్లల కోసం పెట్టే సొమ్మును భూమికి ముడిపెట్టడం అప్పుడే ఉందనడానికీ, ఆ సొమ్ము ఎవరిదాకా వచ్చి ఆగిపోయిందో చూడటానికీ ఇంతకంటే మంచి ఆధారం దొరకదు.

జాగ్రత్తలు రెండు మూడు. సెస్టర్షియస్‌లను డాలర్లలోకి మార్చవద్దని చెప్పండి. సైనికుడి జీతంతోనో వడ్రంగి కూలితోనో పోల్చితే చాలు. వెస్పాసియన్ నుంచి అగస్టీన్ దాకా మూడు వందల ఏళ్ళు గడిచాయి, అంతా కలిపి "రోమన్లు ఇలా చేసేవారు" అని రాయకూడదు. చదువు నిర్లక్ష్యం చేసి రోమ్ కూలిపోయిందన్న మాట అసలే వద్దు, దానికి ఆధారం లేదు.

ఇక మీ ఇంటి సంగతి. రాయనివ్వండి. మీ ఆవిడ సంకోచం నాకు అర్థమవుతోంది, అందులో తప్పు లేదు. ఇంటి చిరునామా, కొన్న ధర, ఎవరి జీతం ఎంత అన్నవి ప్రాజెక్టుకు అక్కర్లేదు, అవి లేకుండానే ఆ ప్రశ్న నిలుస్తుంది. మీరు చేసిన పని సిగ్గుపడాల్సింది కాదని కూడా అమ్మాయికి చెప్పండి. హొరేస్ కవి తండ్రి బానిసత్వం నుంచి విడుదలైన మనిషి. చిన్న పొలం తప్ప ఆస్తి లేదు. వెనూసియా అనే తమ ఊళ్ళోనే ఒక బడి ఉంది. పెద్ద పెద్ద సైనికాధికారుల కొడుకులు భుజానికి పలకా సంచీ తగిలించుకుని, నెల మధ్యలో ఎనిమిది నాణేల ఫీజు పట్టుకుని ఆ బడికి వెళ్ళేవారు. ఆ తండ్రికి అది చాలదనిపించింది. కొడుకును రోమ్‌కు తీసుకెళ్ళాడు. మామూలుగా బానిస చేసే పనిని తనే చేస్తూ, ప్రతి గురువు దగ్గరికీ కొడుకు వెంట నడిచాడు. కొడుకు పెద్ద కవి అయ్యాక ఆ తండ్రి గురించి రాసిన పద్యాల్లో కృతజ్ఞత తప్ప మరొకటి లేదు. మీరూ ఆ తండ్రి చేసిన పనే చేశారు. అయితే హొరేస్ తండ్రి వెళ్ళిపోయాక కూడా వెనూసియాలో పిల్లలున్నారు. ఆ రెండు విషయాలూ ఒకే ప్రాజెక్టులో ఉండవచ్చు.

మీరు చదివిన పల్లె బడి గురించి కూడా ఆమెకు చెప్పండి. జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచరు జీతం రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది. ఊళ్ళో ఎకరం ధర ఎంతైనా, ఎవరి డాబా ఎంత ఎత్తయినా, అదే హోదాలో ఉన్న పంతులుకు అదే స్కేలు. ఎడ్జ్‌వుడ్ తల్లిదండ్రులు కోర్టులో అడిగింది దాదాపు ఇలాంటిదే. అయినా మన ఊళ్ళలో కాస్త స్తోమత ఉన్నవాళ్ళు పిల్లల్ని ప్రైవేటు బస్సెక్కించడం మొదలుపెట్టాక ఆ బడి ఏమైందో మీకు తెలుసు. నిధుల పద్ధతి బాగుంటే అన్నీ వాటంతటవే బాగుపడతాయని ఆమె రాయబోతే, ఈ సంగతి చెప్పి ఆపండి.

పని ఇలా మొదలుపెట్టండి. మీ ఇంటి ప్రాపర్టీ టాక్స్ బిల్లు తీసి బల్ల మీద పెట్టండి. కౌంటీకి ఎంత, ఊరికి ఎంత, స్కూల్ డిస్ట్రిక్టుకు ఎంత అన్నది వేర్వేరు వరుసల్లో ఉంటుంది. స్కూలు పన్నులో రోజువారీ నిర్వహణకు ఒక రేటు, భవనాల బాండ్ల అప్పు తీర్చడానికి ఇంకో రేటు ఉంటాయి, డిస్ట్రిక్టు వెబ్‌సైటులో ఆ రెండూ దొరుకుతాయి. మీ డిస్ట్రిక్టు బడ్జెట్, ఎడ్జ్‌వుడ్ డిస్ట్రిక్టు బడ్జెట్ రెండూ బహిరంగ పత్రాలే, పక్కపక్కన పెట్టుకోమనండి. స్కూల్ బోర్డు బడ్జెట్ మీద పెట్టే సమావేశానికి ఎవరైనా వెళ్ళవచ్చు. ఒక సాయంత్రం ఇద్దరూ వెళ్ళి వెనక వరుసలో కూర్చోండి.

ప్లినీ ఉత్తరం నాలుగో సంపుటిలో పదమూడోది. లాటిన్ మరీ కష్టమైనది కాదు, హైస్కూలు పిల్ల నిఘంటువు పక్కన పెట్టుకుని చదవగలదు. అందులో ఏముందో నేను మీకు చెప్పేశాను. మీరు మాత్రం ఆమెకు చెప్పకండి, మూడో వంతు అన్న చోటికి ఆమెనే రానివ్వండి.